పచ్చదనమంతా మేత కాదు: కడలి జీవుల ఆహారాన్ని లెక్కగట్టే శాస్త్రం

ఏటా జూన్ నెలాఖరు నుండి సెప్టెంబరు వరకు ఒమాన్ దేశపు దక్షిణ కొసన ఉన్న సలాలా పట్టణం చుట్టూ కొండలు పచ్చబడతాయి. మిగిలిన గల్ఫ్ ప్రాంతమంతా నిప్పుల కుంపటిలా ఉండే ఆ రోజులలో అక్కడ మాత్రం పొగమంచు, సన్నని జల్లు. సెలవులు దొరికిన తెలుగు కుటుంబాలెన్నో పిల్లాపాపలతో అక్కడికి చేరి, మంచులో తడిసి, కొబ్బరి బొండాలు తాగి, కోనసీమను తలచుకొని తిరిగివస్తాయి. ఆ ఋతువుకు స్థానికులు పెట్టుకున్న పేరు ‘ఖరీఫ్’. మన రైతు ఖరీఫ్ పంట అన్నప్పుడు పలికేదీ ఆ అరబ్బీ మాటనే.

ఆ జల్లుకు మూలం కొండలలో లేదు, సముద్రంలో ఉంది. నైరుతి ఋతుపవనం ఒమాన్ తీరానికి ఇంచుమించు సమాంతరంగా వీస్తుంది. గాలి తోపుడుకు భూభ్రమణ ప్రభావం తోడై, పైపొర నీరు తీరం నుండి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి లోతులలోని చల్లని నీరు ఎగబ్రాకుతుంది. తేమతో నిండిన గాలి ఆ చల్లని నీటిని తాకి మంచుగా మారుతుంది. పైకి వచ్చే నీరు చలువను మాత్రమే తీసుకురాదు. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు లవణాలను కూడా మోసుకొస్తుంది. పొలానికి ఎరువు వేసినట్లు సముద్రానికి అది ఎరువు. కొద్ది రోజులలోనే కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు కోట్లాదిగా పెరిగి నీటికి ఆకుపచ్చని జీర తెస్తాయి.

కొండ మీది పచ్చదనాన్ని యాత్రికుడు చూస్తాడు. సముద్రం మీది పచ్చదనాన్ని ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుండి ఉపగ్రహం చూస్తుంది. ఐతే కొండ మీది పచ్చిక ఒంటెకు ఎంత మేత అవుతుందో కాపరి చూడగానే చెప్పగలడు. సముద్రంలోని పచ్చదనంలో మేత ఎంత అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా సమాధానం వెతుకుతున్నారు. మస్కట్ అంగడిలో కొన్న వంజరం ముక్క మొదలు విశాఖ హార్బరులో దిగే చూర చేప వరకు అన్నిటి బ్రతుకు చివరికి ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంది. లెక్క తప్పితే చేపలు లేనిచోట ఉన్నాయని, ఉన్నచోట లేవని చెప్పవలసి వస్తుంది.

తినే నోరు

సముద్రంలో ప్రవాహానికి కొట్టుకుపోతూ బ్రతికే ప్రాణులన్నిటికీ ‘ప్లాంక్టన్’ అనే పేరు పెట్టినవాడు జర్మనీలోని కీల్ నగరపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్. అది 1887వ సంవత్సరం. ఎకరానికి ఇన్ని బస్తాలని నేలను లెక్కించినట్లే సముద్రపు దిగుబడిని కూడా లెక్కించాలన్నది ఆయన పట్టుదల. 1889లో ‘నాషనల్’ అనే ఓడలో అట్లాంటిక్ మీద తిరిగి, వలలో పడిన సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టించాడు. సమకాలికులు కొందరు నవ్వారు కూడా. నేటికీ ఈ శాస్త్రం వేసుకునే ప్రశ్న ఆయనదే.

ప్లవకాలలో మొక్కల వంటివి వృక్ష ప్లవకాలు. ఇవి సూర్యరశ్మితో కిరణజన్య సంయోగక్రియ జరిపి, నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును ఆహారంగా మార్చుకుంటాయి. వీటిని తిని బ్రతికేవి జంతు ప్లవకాలు. వాటిలో ముఖ్యమైనవి కోపిపాడులు. రొయ్యకు దూరపు బంధువులైన ఈ జీవులు చాలావరకు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించవు. చేపపిల్ల మొదటి ముద్ద సాధారణంగా కోపిపాడు పిల్లే. ఉష్ణమండల జలాలలోని చిన్న కోపిపాడు రోజుకు తన శరీర కర్బనంలో పెద్ద భాగానికి సరిపడే ఆహారం తినాలి. పస్తుండే ఓపిక దానికి చాలా తక్కువ. కావున ‘ఈ నీటిలో కోపిపాడుకు నేడు ఎంత ఆహారం ఉంది?’ అన్నదే అసలు ప్రశ్న.

నేరుగా ఆహారాన్ని తూచగలిగితే ఈ వ్యాసమే అవసరం లేదు. ఒక లీటరు సముద్రజలాన్ని వడపోసి, వడపోత కాగితం మీద మిగిలిన కర్బనాన్ని కొలవవచ్చు. కాని అందులో బ్రతికి ఉన్న వృక్ష ప్లవకాలతో పాటు బాక్టీరియా, చచ్చిన కణాల తుక్కు, జంతువుల మలం అన్నీ కలిసే ఉంటాయి. వీటినుండి మొక్కల కర్బనాన్ని మాత్రమే ఏరి తీయడం చాలా కష్టం. అందుకే శాస్త్రజ్ఞులు మొక్కలలో మాత్రమే ఉండే గుర్తు ఒకదాన్ని పట్టుకున్నారు. అదే పత్రహరితం.

గోంగూర చెప్పే రసాయన శాస్త్రం

పత్రహరితపు అణువులో 55 కర్బన పరమాణువులు, 72 ఉదజని, 5 ఆమ్లజని, 4 నత్రజని, నడుమ సింహాసనం మీద కూర్చున్నట్లు ఒకే ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటాయి. మన రక్తంలోని హీమ్ అణువుకు కూడా ఇటువంటి వలయమే ఉంది. అక్కడ మెగ్నీషియం స్థానంలో ఇనుము కూర్చుంటుంది. పత్రహరితం నీలికాంతిని, ఎర్రకాంతిని పీల్చుకొని ఆకుపచ్చను వదిలివేస్తుంది. నీలికాంతిని ప్రసరింపజేస్తే ఎర్రగా ప్రతిదీప్తి చెందుతుంది. ఆ ఎరుపు ఎంత గాఢమో పత్రహరితం అంత ఎక్కువ.

ఓడ మీద జరిగే పని చూడడానికి వంటింటి పని వలెనే ఉంటుంది. నీటిని గాజునార కాగితంలో వడపోస్తారు. ఆ కాగితాన్ని నూటికి 90 పాళ్ళ ఎసిటోనులో చీకట్లో, చల్లగా నానబెడతారు. పచ్చని సారం దిగిన తరువాత ఫ్లోరోమీటరులో పెట్టి ప్రతిదీప్తిని చదువుతారు. ఆ వెంటనే రెండు చుక్కల పలుచని హైడ్రోక్లోరికామ్లం వేసి మళ్ళీ చదువుతారు.

ఆమ్లం ఎందుకో తెలుగు ఇల్లాలికి చెప్పనక్కరలేదు. పచ్చగా నిగనిగలాడే గోంగూర పొయ్యి మీదికి ఎక్కిన కొద్దిసేపటికే ఆ పచ్చదనం పోయి ముదురు చాయకు తిరుగుతుంది. పాలకూర అంత త్వరగా తిరగదు. గోంగూరలోని పులుపే అందుకు కారణం. ఆమ్లం పత్రహరితం నడుమనున్న మెగ్నీషియాన్ని వెళ్ళగొట్టి, రెండు ఉదజని పరమాణువులను ఆ చోట కూర్చోబెడుతుంది. ఆ కొత్త అణువు పేరు ఫియోఫైటిన్. కోపిపాడు కడుపులో అరిగిన పత్రహరితం కూడా ఇంచుమించు ఇదే గతికి చేరుతుంది. నీటి నమూనాలో తాజా పత్రహరితం ఎంత, ఎవరో తిని వదిలినది ఎంత అన్నది ఆమ్లానికి ముందు, తరువాత కొలతల తేడా చెబుతుంది. తాజాదైతే ఆమ్లం వేయగానే ప్రతిదీప్తి బాగా పడిపోతుంది. ముందే అరిగినదైతే పెద్దగా మారదు. ఇంత చవకగా, ఇంత సున్నితంగా జరిగే విశ్లేషణలు రసాయన శాస్త్రంలో చాలా లేవు. ఘనమీటరు నీటిలో మిల్లీగ్రాములో నూరవ వంతు పత్రహరితం ఉన్నా ఇది పట్టిస్తుంది.

కొలత అంత చక్కగా రావడమే ఒక విధంగా చిక్కు తెచ్చిపెట్టింది. కొలిచినది పత్రహరితం. కావలసినది ఆహారం. ఈ రెండూ ఒకటి కావు.

పొగను చూసి అన్నం లెక్కించడం

పూర్వం సంధ్యవేళ ఊరి గట్టున నిలబడి ఇళ్ళ మీది పొగను చూస్తే ఎన్ని పొయ్యిలు వెలిగాయో తెలిసేది. కాని ఏ కుండలో ఎంత అన్నం ఉందో పొగ చెప్పదు. పత్రహరితం కణానికి పొయ్యి వంటిది. అది వంట సాధనం, అన్నం కాదు. పైగా ఈ పొయ్యిల సంఖ్యను కణం తన అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. వెలుతురు తక్కువైన లోతులో ఉన్న కణం దొరికిన ప్రతి కిరణాన్నీ పట్టుకోవాలని పత్రహరితాన్ని ఎక్కువగా తయారు చేసుకుంటుంది. ఎండ మండిపోయే ఉపరితలంలో, పైగా నత్రజని లవణాలు కరువైనప్పుడు, అదే కణం చాలా కొద్ది పత్రహరితంతో సరిపెట్టుకుంటుంది.

దీని ఫలితం గణాంకాలలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక మిల్లీగ్రాము పత్రహరితానికి ఎన్ని మిల్లీగ్రాముల కర్బనం ఉంటుందన్న నిష్పత్తి, ఎరువు సమృద్ధిగా ఉన్న మసక నీటిలో 20, 30 వరకు దిగుతుంది. లవణాలు కరువై ఎండ మెండుగా ఉన్న నీటిలో 150, 200 దాటుతుంది. అనేక లెక్కలలో దీన్ని 50 అని ఒకే అంకెగా తీసుకునే అలవాటు చాలాకాలం ఉండేది. సౌకర్యానికి అది బాగానే ఉంటుంది. ఆ సౌకర్యం కోసం చెల్లించే మూల్యం ఎంతో కొద్దిసేపట్లో చూద్దాం.

ఉష్ణమండల సముద్రాలలో 50 నుండి 100 మీటర్ల లోతున పత్రహరితం అత్యధికంగా ఉండే పొర ఒకటి తరచు కనిపిస్తుంది. అక్కడే మేత రాశిపోసి ఉందని పూర్వం అనుకునేవారు. కొన్నిచోట్ల అది నిజమే. కాని అనేక చోట్ల అక్కడ కణాలు ఎక్కువ లేవు, ఒక్కొక్క కణంలో పత్రహరితం ఎక్కువగా ఉంది, అంతే.

గింజ పరిమాణం

తరువాతి చిక్కు నోటికి అందడం. వృక్ష ప్లవకాలలో డయాటంల వంటివి 10 మైక్రానుల నుండి 100 మైక్రానులు, అంతకు మించి కూడా ఉంటాయి. కోపిపాడుకు ఇవి చేతికందిన ముద్దలు. రెండో కొసన ప్రోక్లోరోకాకస్ అనే అతి సూక్ష్మమైన బాక్టీరియా ఉంది. దాని కొలత మైక్రానులో ఇంచుమించు ఆరు పదవ వంతులు. భూగోళం మీద ఇంత విస్తారంగా ఉన్న ఈ కిరణజన్య జీవిని శాలీ చిషోమ్, ఆమె సహచరులు 1988లో గాని లోకానికి పరిచయం చేయలేదంటే అది ఎంత చిన్నదో ఊహించవచ్చు. అంత చిన్న కణాలను కోపిపాడు పట్టలేదు. పిడికిలితో ఆవాలు ఏరడం వంటిది ఆ పని.

కోపిపాడు జల్లెడ పట్టినట్లు నీటిని వడపోసుకుంటుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 1981లో కోల్, స్ట్రిక్లర్ అనే పరిశోధకులు అతివేగంగా తీసిన చలనచిత్రాలు ఆ మాటను మార్చివేశాయి. అంత చిన్న జీవికి నీరు మనకు బెల్లంపాకం ఉన్నట్లు చిక్కగా తోస్తుంది. జల్లెడలోనుండి పాకం సులభంగా కారదు. కోపిపాడు తన ఉపాంగాలతో కణాన్నీ దాని చుట్టూ ఉన్న నీటి ముద్దనూ కలిపి తనవైపు లాక్కుంటుంది. అంటే అది ఎంచుకొని తినగలదు. ఉన్నదంతా తింటుందని అనుకొని వేసిన లెక్కలకు ఇది ఇబ్బందికరమైన వార్త.

మరి ఆ చిన్న కణాలు వృథాగా పోతాయా అంటే పోవు. ఏకకణ జీవులైన కశాభజీవులు, శైలికాజీవులు వాటిని తింటాయి. వీటిని కోపిపాడు తింటుంది. బాక్టీరియాను కూడా కలుపుకొనిపోయే ఈ మార్గానికి ‘సూక్ష్మజీవుల వలయం’ అనే పేరు 1983లో ఫారూఖ్ అజామ్, ఆయన సహచరులు వ్రాసిన వ్యాసంతో స్థిరపడింది. ఐతే ప్రతి మెట్టు దగ్గర సుంకం ఉంది. ఏకకణ జీవి తిన్న కర్బనంలో సుమారు నూటికి 30 పాళ్ళు మాత్రమే దాని శరీరమవుతుంది. తక్కినది శ్వాసక్రియలో, విసర్జనలో పోతుంది.

మేసిన బీడు

ఇంకొక భ్రమ ఉంది. పశువులు బాగా మేసిన బీడులో గడ్డి పొట్టిగా ఉంటుంది. పొట్టిగడ్డిని చూసి ఇక్కడ మేత లేదని చెప్పేవాడు రోజూ ఎంత చిగురు వేస్తున్నదో, ఆ చిగురు ఎవరి కడుపులోకి పోతున్నదో అడగలేదన్నమాట. సముద్రం సరిగ్గా ఇటువంటి బీడు. వృక్ష ప్లవకాలు ఒకటి రెండు రోజులలో రెట్టింపు కాగలవు. అంత వేగంగానూ తినబడగలవు. నీటిలో కనిపించేది మిగులు, దిగుబడి కాదు.

దిగుబడిని కొలవడానికి డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టీమన్ నీల్సెన్ 1952లో రేడియోధార్మిక కర్బనం–14ను ఉపయోగించే పద్ధతిని ప్రకటించాడు. సీసాలోని నీటికి కొద్దిగా ఆ కర్బనాన్ని కలిపి, కొన్ని గంటల తరువాత కణాలలోకి ఎంత చేరిందో చూడడమే ఆ పద్ధతి. నేటికీ అది చెల్లుబాటులో ఉంది. తినబడేదాన్ని కొలిచే ఉపాయం 1982లో లాండ్రీ, హాసెట్ చూపారు. సముద్రజలాన్ని వడపోసిన నీటితో పలుచన చేస్తూ పోతే, తినేవాడూ తినబడేదీ ఎదురుపడే అవకాశాలు తగ్గుతాయి. పలుచన పెరిగిన కొద్దీ వృక్ష ప్లవకాలు ఎంత వేగంగా పెరిగాయో చూస్తే, అసలు నీటిలో ఎంత తినబడుతున్నదో తేలుతుంది. ఎంత సాదా ఉపాయం! లోకంలోని అనేక సముద్రాలలో ఈ విధంగా జరిగిన ప్రయోగాలను 2004లో కాల్బెట్, లాండ్రీ సమీకరించగా, రోజూ పుట్టే వృక్ష ప్లవకాలలో సుమారు 60 నుండి 75 శాతం వరకు సూక్ష్మ జంతువులకే పోతున్నట్లు తేలింది. కోపిపాడుకు నేరుగా అందేది శేషం మాత్రమే.

అరేబియా సముద్రపు చిక్కుముడి

ఇదంతా పుస్తకపు చర్చ కాదని అరేబియా సముద్రం నిరూపించింది. 1960లలో జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో అనేక దేశాల ఓడలు ఒకే నమూనా వలతో, 200 మీటర్ల లోతునుండి పైకి లాగి, జంతు ప్లవకాలను సేకరించాయి. ఆ సీసాలు కొచ్చిన్‌లో ఏర్పడిన కేంద్రానికి చేరి అక్కడ వర్గీకరింపబడ్డాయి. తరువాత 1990లలో, మరొక అంతర్జాతీయ కార్యక్రమంలో భాగంగా, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు ‘సాగర కన్య’ ఓడలో మధ్య, తూర్పు అరేబియా సముద్రాలను ఋతువు ఋతువుకూ పరిశీలించారు.

వారు ఎదురుచూసినది ఒకటి. నైరుతి ఋతుపవనంలో ఊర్ధ్వప్రవాహం, శీతకాలంలో ఈశాన్యపు చల్లగాలికి పైనీరు బరువెక్కి కిందికి దిగి లోతునీటితో కలిసిపోవడం, ఈ రెండు కాలాలలోనూ వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలలలో సముద్రం నిశ్చలమై, పైపొర వేడెక్కి, ఎరువు అందక పత్రహరితం అడుగంటుతుంది. కావున జంతు ప్లవకాలు కూడా అప్పుడు పలచబడాలి. కాని 1996లో మధుప్రతాప్, ఆయన సహచరులు ప్రకటించిన ఫలితాలలో, పైపొరలోని జంతు ప్లవకాల రాశి ఋతువుతో పెద్దగా మారలేదు. మేత లేని కాలంలోనూ మంద అలాగే ఉంది! దీనికే ‘అరేబియా సముద్రపు వైపరీత్యం’ అనే పేరు స్థిరపడింది.

వారు చెప్పిన సమాధానం సూక్ష్మజీవుల వలయం. ఋతుపవన కాలపు పంట అంతా అప్పటికప్పుడు తినబడదు. కొంత కరిగిన సేంద్రియ పదార్థంగా నీటిలో నిలువ ఉంటుంది. గాదెలోని ధాన్యం వంటి ఆ నిలువను వేసవిలో బాక్టీరియా తింటుంది, దాన్ని ఏకకణ జీవులు, వాటిని కోపిపాడులు తింటాయి. ఈ మేత పచ్చగా ఉండదు. దాన్ని ఫ్లోరోమీటరు చూడదు, ఉపగ్రహమూ చూడదు. దీనికి తోడు ఆ సముద్రంలో సుమారు 150 మీటర్ల దిగువనుండి వెయ్యి మీటర్ల వరకు ప్రాణవాయువు దాదాపు శూన్యం కావడంతో, అనేక జంతువులు పైపొరనే అంటిపెట్టుకొని ఉంటాయి. ఒమాన్ తీరాన్ని ఆనుకొన్న నీటి కథ కొంత వేరు. అక్కడ ఋతుపవన కాలపు హెచ్చు కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్క చిన్న లెక్క వేసి చూస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది. ఇవి ఉదాహరణకు తీసుకున్న గుండు అంకెలు. ఆగస్టులో ఒమాన్ తీరాన ఘనమీటరుకు 1 మిల్లీగ్రాము పత్రహరితం ఉందనుకుందాం. నిష్పత్తి 40. కర్బనం 40 మిల్లీగ్రాములు. అందులో సగం పెద్ద కణాలైతే కోపిపాడుకు నేరుగా అందేది 20. ఏప్రిల్‌లో నడిసముద్రాన పత్రహరితం 0.1 మిల్లీగ్రాము. నిష్పత్తి 150. కర్బనం 15. అందులో పెద్ద కణాలు పదవ వంతే అయితే నేరుగా అందేది 1.5. పత్రహరితంలో తేడా పది రెట్లు. కర్బనంలో మూడు రెట్లు కూడా లేదు. నోటికి అందేదానిలో పదమూడు రెట్లు.

ఇక ఏప్రిల్ నీటిలోని మిగిలిన 13.5 మిల్లీగ్రాముల చిన్న కణాలు రోజుకొకసారి రెట్టింపై, పెరిగినంతా ఏకకణ జీవుల పాలవుతున్నదనుకుందాం. ఒకే మెట్టు ద్వారా వస్తే కోపిపాడుకు రోజుకు సుమారు 4 మిల్లీగ్రాములు. రెండు మెట్లైతే 1.2. అంటే పచ్చగా కనిపించని ఈ దొడ్డిదారి, రాజమార్గంతో సమానమో, అంతకు మించినదో అవుతుంది. కరిగిన పదార్థంనుండి బాక్టీరియా ద్వారా వచ్చేది ఇందులో చేరనే లేదు.

అంతటా 50తో గుణించినవాడి సంగతి ఏమిటి? అతనికి ఏప్రిల్ కర్బనం 15కు బదులు 5 వస్తుంది. అదంతా ఆహారమేనని అతను అనుకుంటాడు. ఆ 5, కోపిపాడుకు నిజంగా చేరే మొత్తానికి దగ్గరగానే ఉండవచ్చు. ఒక తప్పు మరొక తప్పును కొట్టివేసింది. పద్ధతి తప్పై జవాబు ఒప్పైన లెక్క చాలా ప్రమాదకరమైనది. ఋతువు మారగానే అది మోసం చేస్తుంది.

కోపిపాడునే అడగడం

ఇన్ని అనుమానాల నడుమ కొందరు పరిశోధకులు వేరే త్రోవ పట్టారు. విందులో వంట ఎంత మిగిలిందో చూడడానికి బదులు అతిథి కడుపు నిండిందా అని అడగవచ్చు కదా! 1976లో మకాస్, బోరర్ కోపిపాడు పేగులోని పత్రహరితపు ప్రతిదీప్తిని కొలిచి అది ఎంత మేసిందో తేల్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. అంతకుముందు 1972లో బ్రూస్ ఫ్రాస్ట్, పసిఫిక్ కోపిపాడు ఒకదానికి వేర్వేరు పరిమాణాల డయాటంలను పెట్టి, ఆహారం ఒక స్థాయిని దాటిన తరువాత ఎంత పెంచినా అది తినేది పెరగదని చూపాడు. ఆ స్థాయి దాటిన పచ్చదనం ఆ జంతువుకు లెక్కలోనిది కాదు. ఆడ కోపిపాడు రోజుకు ఎన్ని గుడ్లు పెడుతున్నదో చూడడం మరొక పద్ధతి. తిండిలో నత్రజని, ముఖ్యమైన కొవ్వు ఆమ్లాలు చాలినంత లేకపోతే కడుపు నిండినా గుడ్లు తగ్గుతాయి. పేగు పద్ధతికి ఒక లోపం ఉంది. కోపిపాడు శైలికాజీవులను తిని ఉంటే పేగు ప్రతిదీప్తి చెందదు. పస్తున్నట్లే కనిపిస్తుంది.

ఆకాశం నుండి

ఓడ ఒకచోట ఒకసారి మాత్రమే ఉంటుంది. అందుకే 1978లో నింబస్–7 ఉపగ్రహం మీద మొదటి సముద్రవర్ణ పరికరం ఎగిరింది. భారతదేశం 1999 మే 26న ఓషన్‌శాట్–1ను, 2009లో రెండవదాన్ని, 2022లో మూడవదాన్ని పంపింది. నీలి, ఆకుపచ్చ కాంతుల నిష్పత్తినుండి పత్రహరితాన్ని గణించడమే వీటి పద్ధతి. 1997లో ఎగిరిన అమెరికా పరికరం సీవిఫ్స్ పెట్టుకున్న లక్ష్యమే నూటికి 35 పాళ్ళలోపు పొరపాటు. ఉపగ్రహం చూసేది పైపొరను మాత్రమే. లోతున ఉన్న పత్రహరితపు పొర దానికి కనిపించదు. గోదావరి ముఖద్వారం వంటిచోట్ల వరదనీటి ఒండ్రు, కరిగిన ఆకుకషాయపు రంగు పత్రహరితమని భ్రమ కలిగిస్తాయి. సరిగ్గా ముఖ్యమైన ఋతుపవన మాసాలలో మబ్బులు కళ్ళు మూస్తాయి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే చేపల లభ్యతా సూచనలు మన తీరపు మత్స్యకారులకు అందుతున్నాయి. ఆ సూచనలు పత్రహరితం ఎంతన్నదానికంటె, అది గాని నీటి ఉష్ణోగ్రత గాని హఠాత్తుగా మారే సరిహద్దు ఎక్కడ ఉందన్నదానిపై ఆధారపడతాయి. అంకెలో పొరపాటున్నా సరిహద్దు సరిహద్దే. ఇది తెలివైన పని. బంగాళాఖాతం వంటిచోట, నదుల మంచినీరు మూతలా పరచుకొని ఎరువును పైకి రానీయనందున పచ్చదనమే అల్పమైనచోట, అంకెలను నమ్మి కూర్చుంటే వలలు ఖాళీగా వస్తాయి. వాల్తేరు తీరపు ప్లవకాలను 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఓపికగా పరిశీలించారు. ఉపగ్రహపు అంకె ఏ జీవిదో చెప్పడానికి సూక్ష్మదర్శిని ముందు కూర్చునే అటువంటి ఓపిక నేటికీ అవసరమే.

పశ్చిమ అరేబియా సముద్రంలో 1997 నుండి పత్రహరితం బాగా పెరిగిందని 2005లో గోయెస్, ఆయన సహచరులు ప్రకటించారు. గత ఆరు దశాబ్దాలలో పశ్చిమ హిందూ మహాసముద్రంలో వృక్ష ప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని 2016లో రాక్సీ, ఆయన సహచరులు ప్రకటించారు. మొదటివారు చూసినది కొద్ది సంవత్సరాలు, రెండవవారు చూసినది దీర్ఘకాలం. పెరిగినా తగ్గినా, ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. 2000 తరువాత ఉత్తర అరేబియా సముద్రంలో శీతకాలం చివర డయాటంల స్థానాన్ని నాక్టిల్యూకా అనే జీవి ఆక్రమిస్తున్నది. మస్కట్ తీరాన కొన్ని రాత్రులు అలలు నీలికాంతితో మెరిసేది దీనివల్లనే. దాని శరీరంలో కాపురముండే ఆకుపచ్చని సూక్ష్మ శైవలాల వలన ఉపగ్రహానికి అది గొప్ప పంటలా కనిపిస్తుంది. కాని గసగసాల గింజంత ఉండే ఆ కణం కోపిపాడు నోటికి పట్టదు. సాల్ప్‌లు, జెల్లీచేపలు దాన్ని తింటాయి. వాటిని తిని బ్రతికే చేపలు తక్కువ. ప్రాణవాయువు తక్కువైన నీరు విస్తరించడమే దీనికి కారణమని 2014లో హెల్గా గోమెస్ బృందం చెప్పగా, ఇన్‌కాయిస్ పరిశోధకులు 2017లో ఆ కారణాన్ని ప్రశ్నించారు. వివాదం తేలలేదు.

2008 చివరనుండి 2009 వరకు ఒమాన్, ఎమిరేట్ల తీరాలను కమ్మిన ఎర్రపోటు అక్కడి కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. కాక్లోడీనియం అనే జీవి వలన చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు కొన్ని ఆగిపోయాయి. ఆ రోజులలో కూడా ఉపగ్రహపు పటం మీద ఆ తీరమంతా పచ్చగానే ఉంది.

2024 ఫిబ్రవరిలో ఎగిరిన అమెరికా ఉపగ్రహం ‘పేస్’ రెండు మూడు రంగులతో తృప్తిపడక, వర్ణపటమంతటినీ సన్నసన్నని చీలికలుగా చదువుతుంది. డయాటం ఏది, సూక్ష్మ బాక్టీరియా ఏది అన్నది ఆ చదువునుండి విడదీయాలని ప్రయత్నం. ఈలోగా అరేబియా సముద్రంలో ఐదువందల మీటర్ల దిగువన, ప్రాణవాయువు అతి స్వల్పమైన చీకటిలో, కెలనాయిడిస్ అనే కోపిపాడు ఒంట్లో నూనె నింపుకొని కదలకుండా నిద్రిస్తుంటుంది. నైరుతి గాలి మొదలై లోతునీరు కదిలే వేళకు అది మేలుకొని పైకి వస్తుంది. కొద్ది వారాలలో ధోఫార్ తీరం వెంట డయాటంలు పెరుగుతాయి. ఆ కాలం దాటాక మత్స్యకారులు సార్డీన్ చేపలను ఇసుక మీద ఎండబోసి, కొండలలోని ఒంటెలకు మేతగా పంపుతారు.